ఎడారి కొండల చుట్టు దారి: ఎటు నుంచి, ఏ వేళకు?

ఒక ఊళ్ళో సైకిల్ మీద బయల్దేరి, కొండల చుట్టూ తిరిగి, మళ్ళీ ఆ ఊరికే చేరే దారి ఉందనుకోండి. ఎక్కినంత ఎత్తూ ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఒక వైపు వెళ్ళేటప్పుడు ముఖాన కొట్టిన గాలి తిరుగుదారిలో వీపున తోయాల్సిందే. కూడికలూ తీసివేతలూ పోగా మిగిలేది సున్నా కావాలి. అలాంటప్పుడు ఆ చుట్టును కుడి నుంచి తిరిగితేనేం, ఎడమ నుంచి తిరిగితేనేం? ఏడింటికి బయల్దేరితేనేం, పదింటికి బయల్దేరితేనేం?

కాగితం మీద ఈ లెక్క చక్కగా కుదురుతుంది. ఎత్తయిన ఎడారిలో మాత్రం కుదరదు. అక్కడ గాలి వేగం, ఎండ, మబ్బు, శరీరంలోని నీరు అన్నీ గంటగంటకూ మారిపోతాయి. పొద్దున ఎక్కిన కొండా మధ్యాహ్నం ఎక్కిన కొండా ఒకటి కావు. అందుకే ఇలాంటి చోట దారి ఎంచుకోవడమంటే పటం మీద గీత గీయడం ఒక్కటే కాదు. ఏ గంటకు ఆ గీత మీద ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం. నిజమైన ఒక దారిని తీసుకుని, అది ఎందుకలా పనిచేస్తుందో చూద్దాం.

డేవిస్ కొండల దారి

టెక్సస్ పశ్చిమ కొసన డేవిస్ కొండలున్నాయి. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే మనవాళ్ళకు కారులో దాదాపు రోజంతా పట్టే ప్రయాణం. సుమారు మూడున్నర కోట్ల ఏళ్ళ క్రితం అగ్నిపర్వతాలు కక్కిన లావా, బూడిద గట్టిపడి ఈ కొండలయ్యాయి. వీటిలో అన్నిటికన్నా ఎత్తయిన మౌంట్ లివర్‌మోర్ 2,554 మీటర్లు. చుట్టూ చివావా ఎడారి. కొండల అంచున, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, ఫోర్ట్ డేవిస్ అనే చిన్న ఊరుంది. 1854లో సైన్యం నెలకొల్పిన కోట పేరే ఊరికీ వచ్చింది.

ఆ ఊరి నుంచి 118వ నంబరు రాష్ట్ర రహదారి లింపియా వాగు లోయ వెంట వాయవ్యంగా కొండల్లోకి ఎక్కుతుంది. దాదాపు 25 కిలోమీటర్ల దగ్గర మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ వస్తుంది. టెలిస్కోపులున్న మౌంట్ లాక్ పైకి వెళ్ళే చిన్న రోడ్డు 2,070 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. టెక్సస్ రాష్ట్ర రహదారుల్లో అంతకన్నా ఎత్తుకు వెళ్ళేది లేదు. అబ్జర్వేటరీ దాటాక మదేరా కాన్యన్‌లో పైన్, ఓక్, జునిపర్ చెట్ల నీడ. సుమారు 45 కిలోమీటర్ల దగ్గర 166వ నంబరు రోడ్డు ఎడమకు చీలుతుంది. అది రంపపు పళ్ళ లాంటి శిఖరాలున్న సాటూత్ కొండ పక్కగా దక్షిణానికి సాగి, విశాలమైన గడ్డిమైదానాల్లోకి దిగి, తూర్పుకు తిరిగి ఫోర్ట్ డేవిస్‌కు చేరుస్తుంది. మొత్తం 120 కిలోమీటర్లు. అక్కడివాళ్ళు 75 మైళ్ళ చుట్టు అంటారు.

ఎడారి మధ్య పైన్ చెట్లెలా వచ్చాయి? భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, తన తేమను అక్కడే వానగా కురిపించి, సుమారు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, మబ్బు కట్టదు. ఫోర్ట్ డేవిస్ సరిగ్గా ఆ పట్టీలోనే ఉంది. పైగా మెక్సికోలోని సియెర్రా మాద్రే పర్వతాలు రెండు వైపులా సముద్రపు తేమను అడ్డుకుంటాయి. అందువల్ల కింద ఎడారి. కానీ అక్కడికి చేరిన కాస్త తేమా డేవిస్ కొండలను ఎక్కేటప్పుడు చల్లబడి వానవుతుంది. అందువల్ల పైన అడవి. సైకిల్ మీద రెండు మూడు గంటల్లో పచ్చగడ్డి నుంచి పైన్ చెట్లకూ, మళ్ళీ ముళ్ళ పొదలకూ వెళ్ళగలగడమే ఈ దారి అందం. ఆ అందానికి కారణమైన ఎత్తే ఇబ్బందులన్నిటికీ మూలం కూడా.

గాలి ఎందుకు రద్దు కాదు?

చదునైన రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే సైకిలిస్టు శ్రమలో చాలా భాగం గాలిని పక్కకు తోయడానికే పోతుంది. గాలి నిరోధం వేగంతో పాటు మెల్లగా పెరగదు. గాలితో మనకున్న సాపేక్ష వేగం రెట్టింపయితే అది నాలుగింతలవుతుంది. ఎదురుగాలి మన వేగానికి తన వేగాన్ని కలుపుతుంది. వెనుకగాలి తీసేస్తుంది. కలిపినప్పుడు పడే భారం తీసేసినప్పుడు దక్కే లాభం కన్నా చాలా పెద్దది.

దీనికి తోడు మరో చిక్కు. ఎదురుగాలిలో నెమ్మదిగా వెళ్తాం కాబట్టి ఆ గాలిలో ఎక్కువసేపు ఉంటాం. వెనుకగాలిలో దూసుకుపోతాం కాబట్టి ఆ సుఖం తొందరగా అయిపోతుంది. దూరం సమానమే, కాలం సమానం కాదు. కాళ్ళు లెక్కపెట్టేది కాలాన్నే.

పక్క నుంచి వీచే గాలి సంగతి చాలామందికి తెలియదు. సరిగ్గా పక్క నుంచి కొట్టే గాలి మనల్ని ముందుకీ తోయదు, వెనక్కీ నెట్టదు కదా అనిపిస్తుంది. కానీ అది మన మీదుగా పోయే మొత్తం గాలి వేగాన్ని పెంచుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవారికి 20 కిలోమీటర్ల పక్కగాలి తగిలితే, ముందుకు సాగకుండా అడ్డుకునే నిరోధం దాదాపు 20 శాతం పెరుగుతుంది. అంటే గుండ్రంగా తిరిగే దారిలో సగానికి పైగా గాలి మనకు నష్టమే. చుట్టు దారి గాలి విషయంలో ఎప్పుడూ న్యాయంగా ఉండదు. ఆ నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఒకటే: గాలి లేచే వేళకు అది వీపున ఉండే ముక్కలో మనం ఉండాలి.

బాక్స్: 60 కిలోమీటర్ల లెక్క

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు. గాలి లేని రోజున చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగం. 30 కిలోమీటర్లు వెళ్ళి, 30 కిలోమీటర్లు వెనక్కి వస్తే రెండు గంటలు.

ఇప్పుడు గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకుందాం. అదే శ్రమతో తొక్కితే ఎదురుగాలిలో వేగం సుమారు 20కి పడిపోతుంది. వెళ్ళడానికే గంటన్నర. తిరిగొచ్చేటప్పుడు వేగం సుమారు 43కి పెరుగుతుంది. నలభై రెండు నిమిషాల్లో ఇల్లు చేరతాం. మొత్తం రెండుంబావు గంటలకు కాస్త అటూ ఇటూ. నష్టపోయిన పావుగంట కన్నా ముఖ్యమైనది, ప్రయాణంలో మూడింట రెండు వంతుల కాలం ఎదురుగాలిలోనే గడవడం.

పొద్దున నిశ్శబ్దం, మధ్యాహ్నం హోరు

ఎత్తయిన ఎడారిలో తెల్లవారుజామున ఆకు కదలదు. మధ్యాహ్నానికి టోపీ నిలవదు. పైనెక్కడో తుపాను ఉండక్కర్లేదు. మామూలు ఎండ రోజున కూడా ఇంతే.

రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. తీర ప్రాంతాల్లో గాలిలోని నీటి ఆవిరి ఆ వేడిలో కొంత పట్టి ఉంచి కిందికి తిప్పి పంపుతుంది. ఎడారిలో ఆవిరి తక్కువ, మబ్బు లేదు, కాబట్టి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి, అక్కడే పరుచుకుపోతుంది. దాని పైన వెచ్చని, తేలికైన గాలి పొర. పైన గాలి వేగంగా వీస్తూనే ఉంటుంది, కానీ ఆ వేగం కింది పొరకు అందదు.

సూర్యుడు వచ్చాక కథ తిరగబడుతుంది. నేల వేడెక్కి, దాన్నంటిన గాలి బుడగలుగా పైకి లేస్తుంది. పైకి లేచినంత గాలి ఎక్కడో ఒకచోట కిందికి రావాలి. కుండలో కవ్వం తిప్పితే అడుగునున్నది పైకీ, పైనున్నది అడుక్కూ వచ్చినట్టు, పైన వేగంగా వీచే గాలి ముక్కలు ముక్కలుగా నేల మీదికి దిగుతుంది. అందుకే ఎడారి గాలి మధ్యాహ్నం ఒకే తీరుగా కాక, విసురు విసురుగా ఉంటుంది. ఎండ ఎక్కిన మూడు నాలుగు గంటలకు మొదలై, మధ్యాహ్నం దాటాక తారస్థాయికి చేరి, సూర్యాస్తమయంతో తగ్గిపోతుంది. పశ్చిమ టెక్సస్‌లో వసంత రుతువు ముఖ్యంగా గాలి కాలం. ఆ నెలల్లో గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది.

ఇక్కడ గడియారం ఒక తికమక పెడుతుంది. ఫోర్ట్ డేవిస్ తన టైమ్ జోన్‌లో బాగా పడమరగా ఉంది. దానికి తోడు వేసవి కాలమానం ఒక గంట ముందుకు జరుపుతుంది. ఫలితంగా వసంతం నుంచి శరత్తు దాకా అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, దాదాపు రెండింటికి. జూన్‌లో కూడా సూర్యోదయం ఇంచుమించు ఏడింటికి. అసలు ఎండ సాయంత్రం నాలుగైదు గంటలప్పుడు. మన ఊళ్ళో అలవాటు ప్రకారం ఐదయింది, ఎండ తగ్గుతుంది అనుకుంటే పొరబాటు. కానీ ఈ తికమకలో ఒక మేలుంది: ఏడుంబావుకు బయల్దేరిన మనిషి గడియారంలో రెండున్నరకు తిరిగొస్తే, సూర్యుడి లెక్కన అది పన్నెండున్నరే. రోజులో కష్టమైన సగాన్ని మొత్తంగా తప్పించుకున్నట్టే.

పలుచని గాలి ఇచ్చేదీ తీసుకునేదీ

1,500 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం కన్నా సుమారు 14 శాతం తక్కువ. చదును రోడ్డు మీద ఇది వరం. తోయాల్సిన గాలే తక్కువ. బెల్జియం సైకిల్ వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1972లో గంట వ్యవధి రికార్డు కోసం రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున్న మెక్సికో సిటీకి వెళ్ళింది ఇందుకే. అక్కడ ఆయన ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు.

కానీ అదే పలుచదనం ఊపిరి దగ్గర వడ్డీతో వసూలు చేస్తుంది. ప్రతి శ్వాసతో లోపలికి వెళ్ళే ఆక్సిజన్ తగ్గుతుంది. హ్యూస్టన్ లాంటి సముద్రమట్టపు నగరం నుంచి ముందురోజు రాత్రి కారులో వచ్చి దిగినవారికి గరిష్ఠ సామర్థ్యంలో ఐదు నుంచి పది శాతం దాకా కోత పడవచ్చు. ఎక్కుడు రోడ్డు మీద వేగం ఎలాగూ తక్కువ, గాలి నిరోధం లెక్కలోకే రాదు. అంటే పలుచని గాలి లాభం అక్కడ ఏమీ లేదు, నష్టం మాత్రం పూర్తిగా ఉంది. ఐదు శాతం వాలున్న ఎక్కుడు మీద మామూలు సైకిలిస్టు వేగం గంటకు 12 కిలోమీటర్లకు దిగిపోతుంది. అందుకే ఇంటి దగ్గర సగటు వేగాన్ని తెచ్చి ఇక్కడి 120 కిలోమీటర్లను దానితో భాగించకూడదు. చదునులో కాస్త త్వరగా, ఎక్కుడులో బాగా ఆలస్యంగా వెళ్తాం. మొత్తం మీద తొక్కడానికే ఆరు గంటలు వేసుకుని, ఆగే సమయం వేరుగా కలుపుకోవడం క్షేమం.

ఎత్తు లెక్కల గురించి ఒక మాట. ఒకే దారికి రెండు యాప్‌లు రెండు రకాల మొత్తం ఎక్కుడు చూపిస్తాయి. ప్రతి చిన్న గతుకునూ లెక్కించే యాప్‌లో మొత్తం పెరుగుతుంది. గీతను నునుపు చేసే యాప్‌లో తగ్గుతుంది. ఆ అంకె మీద వాదించుకోవడం కన్నా, ఏ ఎక్కుడు ఎంత వాలుతో ఎంత దూరం ఉందో, అది రోజులో ఏ గంటకు వస్తుందో చూసుకోవడం మేలు.

కనిపించని చెమట

ఈ దారిలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది నీళ్ళ సంగతే. ఊరి నుంచి ఆరేడు కిలోమీటర్లలో ఉన్న స్టేట్ పార్కులో నీళ్ళు దొరుకుతాయి. అబ్జర్వేటరీ సందర్శకుల కేంద్రంలో, అది తెరిచి ఉన్న వేళల్లో, దొరుకుతాయి. ఆ తర్వాత దాదాపు 95 కిలోమీటర్ల దాకా దుకాణం లేదు, కుళాయి లేదు. రోడ్డుకు రెండు వైపులా పశువుల రాంచ్‌ల కంచెలే.

కండరాలు ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు చేరేది నాలుగో వంతు లోపే. మిగిలిందంతా వేడి. ఆ వేడి శరీరం నుంచి బయటపడే ముఖ్యమైన దారి చెమట ఆవిరవడమే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. ఓ మోస్తరు వేగంతో తొక్కే మనిషి తన లోపల పుట్టే వేడిని వదిలించుకోవడానికి గంటకు ముప్పావు లీటరుకు పైగా చెమట ఖర్చుచేయాలి. ఎండ నేరుగా పడితే ఇంకా ఎక్కువ.

హ్యూస్టన్‌లోనైనా విశాఖపట్నంలోనైనా చెమట కళ్ళకు కనిపిస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉండటంతో ఆవిరవక, కారిపోతుంది, చొక్కా తడుస్తుంది. ఒళ్ళంతా తడిసింది, నీళ్ళు తాగాలి అని గుర్తొస్తుంది. పొడి ఎడారిలో చెమట పుట్టిన చోటే ఎగిరిపోతుంది. చర్మం పొడిగానే ఉంటుంది. సైకిల్ కదులుతున్నంతసేపూ గాలి తగులుతూ హాయిగా కూడా ఉంటుంది. లోపల లీటర్లకు లీటర్లు పోతున్నా బయట ఏ గుర్తూ ఉండదు, జెర్సీ మీద తెల్లటి ఉప్పు చారలు తప్ప. దప్పిక కూడా నష్టానికి వెనకే నడుస్తుంది.

కాబట్టి లెక్క ముందే వేసుకోవాలి. 95 కిలోమీటర్లకు నాలుగున్నర, ఐదు గంటలు పడితే నాలుగు లీటర్ల నీళ్ళు కావాలి. సైకిల్ ఫ్రేముకు ఉండే రెండు సీసాలలో ఒకటిన్నర లీటర్లే పడుతుంది. వీపున నీళ్ళ సంచి వేసుకోవచ్చు, లేదా ముందురోజు సాయంత్రం కారులో 166 మీదుగా ఒకసారి తిరిగి, రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఎవరైనా మనకు నీళ్ళతో ఎదురుపడేలా వేళ కుదుర్చుకోవచ్చు. రెండోది నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఆ కారు అవసరమైతే మనిషిని కూడా తీసుకెళ్తుంది. ఆ రోడ్డు మీద ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం.

ఉత్త నీళ్ళు మాత్రమే అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే. చెమటతో ఉప్పు పోతుంది. ఉప్పు లేకుండా నీళ్ళే నింపితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, మరీ ముదిరితే స్పృహ తప్పడం జరుగుతాయి. ఉప్పు కలిసిన తిండో, ఓఆర్ఎస్ పొట్లాలో జేబులో ఉండాలి.

బాక్స్: ఎండ ఎత్తుతో పెరుగుతుంది

ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. పైన గాలి పొర పలచబడటమే కారణం. ఉష్ణోగ్రత మాత్రం తగ్గుతుంది కాబట్టి ఎండ మండుతున్నట్టు అనిపించదు. చల్లగా ఉన్న పొద్దునే మెడ వెనక, మోకాళ్ళ పైన చర్మం కమిలిపోయేది అందుకే. పొడవు చేతుల తెల్లని జెర్సీ ఇక్కడ లేపనం కన్నా నమ్మకమైనది.

మబ్బు ఎటు నుంచి వస్తుంది?

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ కూడా రుతుపవనాలుంటాయి. సూత్రం మనకు తెలిసిందే: వేడెక్కిన నేల తేమగాలిని తన వైపు లాక్కుంటుంది. ఇక్కడ ఆ తేమ పసిఫిక్, కాలిఫోర్నియా సింధుశాఖ, మెక్సికో సింధుశాఖల నుంచి వస్తుంది. మన వానల్లా రోజుల తరబడి ముసురు పట్టదు. పొద్దున నీలాకాశం, మధ్యాహ్నానికి కొండల మీద తెల్లని గోపురాలు, ఆ తర్వాత ఉరుములు. కొండ వాలు చుట్టుపక్కల గాలి కన్నా ముందు వేడెక్కుతుంది కాబట్టి మబ్బు మొదట కొండ మీదే పుడుతుంది, తర్వాత మైదానం వైపు కదులుతుంది.

దూరాన మబ్బు కింద బూడిదరంగు తెరలు వేలాడుతూ, నేలను తాకకుండానే మాయమవడం కనిపించవచ్చు. అది వానే. పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి ధబ్బున కిందికి పడి, నేల తగిలి అన్ని వైపులకూ విరజిమ్ముతుంది. ఒక్క చుక్క పడకుండానే సైకిల్‌ను రోడ్డు దాటించే విసురు వస్తుంది. ఆ తెరలు అందంగా ఉంటాయి, వాటి నుంచి దూరంగా ఉండాలి.

పిడుగు విషయంలో రబ్బరు టైరు కాపాడుతుందన్న నమ్మకం తప్పు. మబ్బు నుంచి కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకొచ్చిన విద్యుత్తుకు వేలెడు రబ్బరు ఏపాటి? మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు. అసలు ఉరుము వినబడిందంటేనే పిడుగు మనను చేరగల దూరంలో ఉన్నట్టు. రోడ్డు వాగును దాటే పల్లపు చోట్ల ఎక్కడో పైన కురిసిన వాన నీరు ఒక్కసారిగా రావచ్చు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా నిలబడ్డ మనిషిని పడగొడుతుంది.

రోడ్డు, టైరు, పల్లేరు

టెక్సస్ గ్రామీణ రహదారులు చాలావరకు తారు చల్లి, దాని మీద కంకర పరచి, రోలరుతో నొక్కినవి. కారుకు తేడా తెలియదు. సన్నని టైరుకు తెలుస్తుంది. ప్రతి చిన్న రాయీ టైరును కాస్త పైకెత్తుతుంది. టైరు గట్టిగా ఉంటే ఆ కుదుపు చేతులకూ నడుముకూ చేరి, అక్కడి కండరాల్లో వేడిగా మారి పోతుంది. ఆ వేడి మన తొక్కుడు శక్తిలోంచి పోయిందే. టైరు కాస్త మెత్తగా ఉంటే రాయి దానిలోకి నొక్కుకుని, మళ్ళీ విడుదలై, చాలామటుకు శక్తిని తిరిగిస్తుంది. గాలి ఎంత గట్టిగా కొడితే అంత వేగం అన్న పాత నమ్మకం నునుపైన రోడ్డుకే చెల్లుతుంది. ఇక్కడ 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైరు, అలవాటుకన్నా తక్కువ గాలి మంచిది. హ్యూస్టన్‌లో గాలి కొట్టుకుని వస్తే ఇక్కడ మళ్ళీ కొలవాలి. బయటి గాలి పీడనం తగ్గడం వల్ల టైరు రెండున్నర పీఎస్ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది.

ఇక ముల్లు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల సైకిలిస్టులు గోట్‌హెడ్ అని భయపడే మొక్క మన పల్లేరే. అదే జాతి, అదే పసుపు పువ్వు, అవే కాయలు. పాత ప్రపంచపు వేడి నేలల నుంచి అక్కడికి చేరి పాతుకుపోయింది. కాయ ఎండి ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఏ ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తుంది. అది రోడ్డు అంచునే ఎందుకు పెరుగుతుందంటే, తారు మీద పడిన వాన ఇంకక అంచుకు జారుతుంది. ఏడాదికి సుమారు 400 మిల్లీమీటర్ల వానే కురిసే చోట ఆ అంచుకు మాత్రం మిగతా నేల కన్నా ఎక్కువ నీరు అందుతుంది. వాహనాలు తొక్కి గట్టిపడిన ఆ మట్టిలో ఇతర మొక్కలు నిలవవు, పల్లేరుకు పోటీ ఉండదు. కాబట్టి ఫొటో కోసం ఆగినప్పుడు సైకిల్‌ను దొర్లించుకుంటూ తారు దిగకండి. ఎత్తి పట్టుకోండి. ట్యూబ్‌లెస్ టైరులో పోసే ద్రవం ఇలాంటి సన్నని రంధ్రాలను బాగా మూస్తుంది, కానీ పొడి వాతావరణంలో త్వరగా ఎండిపోతుంది. ప్రయాణానికి ముందు కొత్తగా పోయించుకోవాలి.

మరి ఎటు నుంచి?

మార్చి నుంచి మే దాకా నా ఓటు అపసవ్యంగా తిరగడానికే. అంటే 118 మీద ముందు కొండెక్కడం. ఎక్కుడు చల్లని, గాలి లేని పొద్దున అయిపోతుంది. లోయ గోడలు ఉన్న కాస్త గాలినీ ఆపుతాయి. అబ్జర్వేటరీ సందర్శకుల కేంద్రం తెరిచి ఉంటే అక్కడ సీసాలు నింపుకుని, పదిన్నర ప్రాంతంలో 166 మలుపుకు చేరవచ్చు. సాటూత్ దాటి దక్షిణానికి తిరిగే ముక్కలో నైరుతి గాలి కొంత ఎదురవుతుంది, అది తప్పదు. కానీ అక్కడి నుంచి తూర్పుకు తిరిగాక, గాలి జోరందుకునే వేళకు, చెట్టు చాటు లేని మైదానంలో అది వీపున ఉంటుంది. ఇదే దారిని ఆ నెలల్లో తిరగేసి ఆలస్యంగా బయల్దేరినవారు బట్టబయట పడమటి గాలిని ముఖాన మోసి, ఆపైన కొండెక్కాలి.

వానల నెలల్లో కూడా ఇదే దిశ, కాకపోతే కారణం వేరు. మబ్బు పుట్టే కొండను అది పుట్టకముందే దాటేస్తాం.

అక్టోబరులో మాత్రం తిరగేయడం నాకు ఇష్టం. ఉరుముల కాలం అయిపోతుంది, వసంతపు గాలీ ఉండదు. నీళ్ళు దొరకని పొడవైన ముక్క చల్లని పూట గడిచిపోతుంది, అలసిన వేళకు అబ్జర్వేటరీ వస్తుంది, అక్కడి నుంచి ఊరి దాకా ఎక్కువ భాగం దిగుడే. పొడిగాలిలో పొగమంచు తెర లేకపోవడంతో ఆ రోజుల్లో దూరపు కొండలు మరీ స్పష్టంగా కనిపిస్తాయి. స్పష్టంగా ఉన్నది దగ్గరగా ఉన్నట్టు అనిపించడం కంటి అలవాటు. ఇదిగో వచ్చేసింది అనుకున్న కొండ గంట తర్వాత కూడా అక్కడే ఉంటే కంగారు పడకండి. కిలోమీటరు రాళ్ళ పని చేసే సైకిల్ కంప్యూటరును నమ్మండి, కంటిని కాదు.

అపసవ్యంగా వెళ్ళేవారికి నిర్ణయం తీసుకునే చోటు 166 మలుపే. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే అబ్జర్వేటరీ 20 కిలోమీటర్లు, ముందుకు సాగితే ఊరు 75. మలుపు దగ్గర దిగి, సీసాల్లో ఎంత ఉందో చేత్తో పట్టుకుని చూడండి. మూడు లీటర్లకు తగ్గితే వెనక్కి. లివర్‌మోర్ వైపు మబ్బు అప్పటికే నిటారుగా పెరుగుతుంటే వెనక్కి. పదకొండున్నర దాటితే, కాళ్ళు ఎంత బాగున్నా, వెనక్కి. వెళ్ళేటప్పుడు ఎక్కిన రోడ్డే దిగుతూ వచ్చినా మదేరా కాన్యన్ పైన్ చెట్లు మరో వైపు నుంచి కనిపిస్తాయి, ఎక్కుడు కూడా కలిపి 90 కిలోమీటర్ల మంచి ప్రయాణం పూర్తవుతుంది.